లోగో చూసి గేమ్ ఎవరికోసమో చెప్పలేం

గత నెల మా ఆఫీసుకి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. తెనాలి వాళ్ళు. పగలు ఉద్యోగాలు చేసుకుంటూ, రాత్రుళ్ళు కూర్చుని గోళీలాట మీద ఒక మొబైల్ గేమ్ తయారుచేశారు. గేమ్ బాగుంది. గోళీకి గోళీ తగిలినప్పుడు వచ్చే ఆ టక్కుమనే చప్పుడు కోసం నిజం గోళీలు కొనుక్కొచ్చి, గచ్చు మీద ఆడి రికార్డు చేశారట. వింటుంటే నాకు మా బడి వెనక చింతచెట్టు గుర్తొచ్చింది. వాళ్ళు నా దగ్గరికి వచ్చింది స్టూడియో లోగో కోసం. విజయవాడలో లోగోలు, ప్యాకింగ్ డిజైన్లు వేసే పనిలో నాకిది పదహారో ఏడు.

"ఎర్రగా ఉండాలన్నా. గుండ్రంగా ఉండాలి. మాది పిల్లల గేమ్ కదా" అన్నాడు ఒకడు.

ఎర్రగానే ఎందుకని అడిగితే ఫోన్ తీసి ఒక వీడియో చూపించాడు. అది నాకప్పటికే మూడు గ్రూపుల్లో వచ్చింది. మీకూ వచ్చే ఉంటుంది. అందులో చెప్పేది క్లుప్తంగా ఇదీ: గేమ్ కంపెనీ లోగో చూస్తే చాలు, ఆ గేములు ఎవరికోసమో తెలిసిపోతుంది. ఎరుపు రంగు, గుండ్రటి గీతలు అయితే చిన్నపిల్లలకి, ఉదాహరణ నింటెండో. నీలం అయితే టీనేజ్ కుర్రాళ్ళకి, ఉదాహరణ సెగా. జంతువు బొమ్మో పాదం గుర్తో ఉంటే ఇంటిల్లిపాదికీ. నక్షత్రం, మొరటు అక్షరాలు ఉంటే పెద్దవాళ్ళకి, ఉదాహరణ రాక్‌స్టార్. లోగో మార్చారంటే కంపెనీ ఆడేవాళ్ళని మార్చుకుందని అర్థం. కాబట్టి తల్లిదండ్రులు గేమ్ కొనేముందు లోగో చూసుకుంటే సరిపోతుంది.

ఒక్కో ముక్క విడిగా వింటే నిజమే కదా అనిపిస్తుంది. అందుకే అంతమంది పంపుకున్నారు. కానీ అందులో దాదాపు ఏదీ నిలబడదు. చివరి మాటైతే పిల్లలున్న ఇంట్లో ప్రమాదం కూడా. అందుకే వరసగా జవాబు చెబుతున్నాను.

ఎరుపు, గుండ్రం అంటే చిన్నపిల్లలకా?

నింటెండో పుట్టింది 1889లో, జపాన్‌లోని క్యోటోలో. ఫుసాజిరో యమౌచి అనే ఆయన పెట్టిన పేకముక్కల వ్యాపారం అది. హనాఫుడా అంటారు, పువ్వుల బొమ్మలుండే చిన్న ముక్కలు. వాటిని కొన్నవాళ్ళలో జూదమాడే పెద్దవాళ్ళు బాగానే ఉండేవాళ్ళు. వీడియో గేములు ఆ కంపెనీకి దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత వచ్చిన పని.

ఎరుపే పిల్లల్ని పిలిచేదైతే, ఎరుపు తీసేస్తే పిల్లలు తగ్గాలి. ఆ పరీక్ష కూడా జరిగిపోయింది. 2006 ప్రాంతంలో నింటెండో తన లోగోని బూడిద రంగుకి మార్చింది. ఇంచుమించు పదేళ్ళు అదే నడిచింది. టీవీకి తగిలించి ఆడే వీ అనే కన్సోల్ వచ్చింది ఆ రోజుల్లోనే, 10 కోట్లకు పైగా అమ్ముడైంది. అంతకు రెండేళ్ళ ముందు వచ్చిన, చేతిలో పట్టుకుని ఆడే డీఎస్ కూడా ఆ కాలంలోనే ఊపందుకుని, మొత్తం మీద 15 కోట్లు దాటింది. అంటే ఆ కంపెనీకి బాగా కలిసొచ్చిన కాలాల్లో ఒకటి, లోగోలో చుక్క ఎరుపు లేకుండానే గడిచింది.

"అదే కదా మేం చెప్పేది, పెద్దవాళ్ళని కూడా రప్పించడానికే బూడిద రంగు పెట్టారు" అని ఎవరైనా అనొచ్చు. వీలో బౌలింగ్ ఆడిన తాతయ్యలు, డీఎస్‌లో మెదడుకి పదును పెట్టే లెక్కలు చేసుకున్న ఉద్యోగస్తులు నిజంగానే ఉన్నారు, ఒప్పుకుంటాను. కానీ 2017లో స్విచ్ అనే వాళ్ళ కొత్త కన్సోల్ వచ్చేసరికి లోగో మళ్ళీ ఎరుపైంది. ఆ స్విచ్‌ని మొదటిసారి చూపించిన 2016 అక్టోబరు వీడియోలో కనిపించేది ఎవరు? కుక్కని బయటికి తిప్పడానికి తీసుకెళ్ళే యువకుడు, విమానంలో కూర్చుని ఆడేవాడు, మేడ మీద పార్టీకి కన్సోల్ పట్టుకెళ్ళే అమ్మాయి. చిన్నపిల్లల కోసం వెతుక్కోవాలి. ఎరుపు తిరిగొచ్చింది, ఆడేవాళ్ళుగా చూపించింది మాత్రం పెద్దవాళ్ళని.

మన సంగతే చూడండి. తొంభైల్లో వేసవి సెలవుల్లో మారియో ఆడిన మనలో ఎంతమంది నింటెండో లోగో చూసి ఆడారు? మా వీధిలో ఉన్నది టీవీకి తగిలించే నకలు వీడియో గేమ్. పసుపు పచ్చ క్యాసెట్టు, దాని మీద అతికించిన కాగితం, దానిమీద 9999 గేములని అంకె. పెట్టి చూస్తే అవే ఏడెనిమిది గేములు తిరిగి తిరిగి వచ్చేవి. తయారుచేసిన కంపెనీ పేరు ఎక్కడా ఉండేది కాదు. మారియో జపాన్ వాడని నాకు డిగ్రీలో చేరాకే తెలిసింది. లోగో లేకుండానే ఒక తరం పిల్లలు ఆ గేముకి దొరికారు.

నీలం అంటే టీనేజ్ కుర్రాళ్ళకా?

ఇక్కడ వీడియో వాళ్ళు కథని తలకిందులు చేశారు. సెగా పేరు 'సర్వీస్ గేమ్స్' అనే మాటల నుంచి వచ్చింది. నాణెం వేస్తే ఆడించే యంత్రాల వ్యాపారం నుంచి ఎదిగిన కంపెనీ. ఆ నీలం లోగో డెబ్భైల నాటిది. కుర్రాళ్ళని ఆకట్టుకున్న సోనిక్ అనే గేమ్ పాత్ర వచ్చింది 1991లో. సోనిక్‌కి నీలం వేసింది సెగా లోగో నీలం కాబట్టి. ముందు లోగో ఉంది, దానికి సరిపోయేలా పాత్ర వచ్చింది, ఆ పాత్ర వెనక కుర్రాళ్ళు వచ్చారు. కుర్రాళ్ళని చూసి లోగోకి ఎవరూ నీలం పూయలేదు.

రంగుల గురించి ఇంకొక్క మాట. మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎక్స్‌బాక్స్ కన్సోల్ ఆకుపచ్చకి ఎన్ని అర్థాలు చెబుతారో లెక్కలేదు. టెక్నాలజీ అంటారు, గ్రహాంతరవాసులు అంటారు, యువత హుషారు అంటారు. దాని డిజైన్ మీద పనిచేసిన హొరేస్ లూక్ విషయంలో చెప్పుకునే కారణం వేరు. ఆయన మార్కర్ పెన్నులు పక్కవాళ్ళు తీసుకుపోతే మిగిలింది మెరిసే ఆకుపచ్చ ఒక్కటే, దాంతోనే గీశారు. ఈ మాట చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. మా ఆఫీసులో ఎన్నో రంగులు అలాగే ఖాయమయ్యాయి. ప్రింటింగ్ ప్రెస్సు వాడి దగ్గర ఆరోజు ఏ సిరా ఉందో దాన్నిబట్టి ఒక పచ్చళ్ళ కంపెనీ రంగు తేలిపోయిన సందర్భం నేను కళ్ళారా చూశాను.

పాదం గుర్తు ఇంటిల్లిపాదికీ, నక్షత్రం పెద్దవాళ్ళకీనా?

ఈ రెండింటికీ జవాబు ఒకటే. ఒకే లోగో కింద అన్ని వయసుల గేములూ వస్తాయి. ఒకటి రెండు కంపెనీల్లో అయితే మినహాయింపు అనుకోవచ్చు. పేరున్న స్టూడియోల్లో ఎక్కడ చూసినా ఇదే.

నాటీ డాగ్ అనే స్టూడియో గుర్తు కుక్క పాదం. 1996లో క్రాష్ బాండికూట్ చేసినప్పుడు ఆ పాదం చక్కగా సరిపోయింది. నవ్వించే నారింజ రంగు జంతువు, పరుగులు, పండ్లు. అదే స్టూడియో 2013లో ది లాస్ట్ ఆఫ్ అస్ తీసింది. అందులో మనుషుల్ని గొంతు నులిమి చంపడం ఉంది, ఒక తండ్రి చేతుల్లో కూతురు చనిపోవడం ఉంది. గుండె గట్టిగా ఉన్న పెద్దవాళ్ళు ఆడాల్సిన గేమ్. అప్పుడు కూడా స్టూడియో గుర్తు అదే కుక్క పాదం.

ఇంగ్లండ్‌లో రేర్ అనే స్టూడియో ఉంది. నీలం మీద బంగారు రంగు 'ఆర్' అక్షరం అప్పట్లో దాని గుర్తు. నింటెండో 64 అనే ఒక్క కన్సోల్ మీదే వాళ్ళు ఏం చేశారో చూడండి. 1997లో తుపాకీ గేమ్ గోల్డెన్ ఐ. 1998లో ఎలుగుబంటి, దాని వీపు సంచిలో పక్షి ఉండే బాంజో కజూయి, చిన్నపిల్లలు హాయిగా ఆడుకునేది. 2001లో కాంకర్స్ బ్యాడ్ ఫర్ డే. దానిలో హీరో ముద్దొచ్చే ఉడుత, కానీ తాగుడు, బూతులు, రక్తం. అమెరికాలో దానికి 17 ఏళ్ళు దాటినవాళ్ళకే అని రేటింగ్ ఇచ్చారు. మూడింటికీ అదే బంగారు 'ఆర్'. నాలుగేళ్ళ తేడాలో ముగ్గురు వేరువేరు జనం, లోగో మాత్రం ఒకటే.

యూబీసాఫ్ట్ ఇంకా స్పష్టం. 2009లో అసాసిన్స్ క్రీడ్ రెండో భాగం వచ్చింది, కత్తులు, హత్యలు. అదే ఏడాది జస్ట్ డాన్స్ కూడా వచ్చింది, టీవీ ముందు నిలబడి పిల్లలు, అమ్మలు కలిసి డాన్సులు చేసేది. రెండు పెట్టెల మీదా సుడి తిరిగిన అదే గుర్తు. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ అయితే పిల్లలకి ప్రాణమైన మెగా మ్యాన్‌ని, రాత్రి నిద్ర పట్టనివ్వని రెసిడెంట్ ఈవిల్‌ని ఒకే నీలం పసుపు అక్షరాల కింద అమ్మింది.

ఇక రాక్‌స్టార్. జీటీఏ తీసిన కంపెనీ, 1998లో మొదలైంది. పసుపు చదరం మీద నల్లటి 'ఆర్', పక్కన తెల్ల నక్షత్రం. ఆ గుర్తు చూడగానే మనకి కార్ల దొంగతనం గుర్తొస్తుంది, నిజమే. కానీ ఆ భావం నక్షత్రంలో లేదు, జీటీఏలో ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆ గేములు చూసి చూసి లోగోకి ఆ రుచి అంటుకుంది. జీటీఏ గురించి వినని మనిషికి అదే గుర్తు చూపించి ఏం అమ్ముతారో చెప్పమనండి. నేను మా అమ్మకి చూపించాను. "బిస్కెట్ల కంపెనీనా?" అంది. ఇదే కంపెనీ 2006లో టేబుల్ టెన్నిస్ గేమ్ ఒకటి తీసింది. తుపాకీ లేదు, తిట్టు లేదు, ఒక బల్ల, ఒక వల, ఒక బంతి. దాని మీదా అదే నక్షత్రం.

ఈ లోగో పెద్దవాళ్ళని మాత్రమే పిలిచిందన్న మాట మన ఊళ్ళలో పెరిగినవాళ్ళెవరూ ఒప్పుకోరు. 2004లో మా టౌన్‌లో నెట్ సెంటర్‌కి వెళ్తే సగం కంప్యూటర్ల మీద జీటీఏ వైస్ సిటీయే. నా పక్కన కూర్చునేవాళ్ళు ఆరో తరగతి, ఏడో తరగతి పిల్లలు. గేమ్ తెరుచుకునేటప్పుడు ఆ నక్షత్రం రోజూ వాళ్ళ కళ్ళ ముందు వెలిగేది. లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో చీట్ కోడ్‌లు రాసుకుని వచ్చేవాళ్ళు. పాంజర్ అని టైప్ చేస్తే ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు యుద్ధ ట్యాంకు వచ్చేది, అందరూ అరిచేవాళ్ళు. లోగో ఎవర్నీ ఆపలేదు, నెట్ సెంటర్ ఆయనా ఆపలేదు. అడ్డుచెప్పడానికి ఆ ఆటలో ఏముందో మా పెద్దవాళ్ళకి తెలియదు.

లోగో మారితే ఆడేవాళ్ళు మారినట్టా?

దీని మీద ఎక్కువ చెప్పక్కర్లేదు, అటారీ అనే పాత అమెరికా గేమ్ కంపెనీ ఒక్కటి చాలు. 1972లో పాంగ్ అనే వాళ్ళ మొదటి హిట్ గేమ్‌ని పెట్టింది కాలిఫోర్నియాలో సన్నీవేల్ అనే ఊళ్ళో ఒక బార్‌లో. తాగడానికి వచ్చిన పెద్దవాళ్ళు ఆడారు. యంత్రం పనిచేయడం లేదని కబురొస్తే వెళ్ళి చూశారు, లోపల నాణేల డబ్బా నిండిపోయి ఉంది. ఆ తొలిరోజుల్లోనే జార్జ్ ఆపర్‌మన్ అనే డిజైనర్ మూడు గీతల గుర్తు గీశారు, ఫూజీ కొండలా ఉంటుంది. 1977 నాటికి ఆ గుర్తే ఇళ్ళలోకి వెళ్ళింది, టీవీ ముందు పిల్లల చేతుల్లోకి. ఇవాళ ఆ గుర్తుని టీషర్టుల మీద వేసుకునేవాళ్ళలో చాలామంది ఒక్క అటారీ గేమ్ కూడా ఆడి ఉండరు. బార్ నుంచి ఇంటికి, ఇంటి నుంచి బట్టల షాపుకి జనం మారుతూనే ఉన్నారు. కొండ కదల్లేదు.

2022లో బండాయ్ నామ్కో అనే జపాన్ కంపెనీ లోగో మార్చింది, మాంగా అనే జపాన్ బొమ్మల కథల్లో పాత్రల మాటలు రాసే బుడగ ఆకారం పెట్టుకుంది. కానీ పిల్లల పాక్ మ్యాన్, కుర్రాళ్ళ టెక్కెన్ రెండూ ఆ బుడగ కిందే ఉన్నాయి, మునుపటిలాగే.

మరి లోగో ఎవరికోసం?

నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇది, కాస్త నిదానంగా చెబుతాను.

మా పెదనాన్న కొడుకు అమెరికా నుంచి వచ్చినప్పుడు గేమ్‌బాయ్ తెచ్చాడు, చేతిలో పట్టుకుని ఆడే నింటెండో కన్సోల్. స్విచ్ వేయగానే పచ్చటి తెర పైనుంచి నింటెండో అనే పేరు మెల్లగా కిందికి దిగేది. మధ్యకి రాగానే ఆగేది, టింగ్‌మని మోగేది, అప్పుడు గేమ్ మొదలయ్యేది. ఒక్కోసారి పేరు బదులు గజిబిజి చుక్కలు దిగేవి. అప్పుడు గేమ్ రాదు. క్యాసెట్టు తీసి, ఉఫ్‌మని ఊది మళ్ళీ పెట్టేవాళ్ళం. అసలు క్యాసెట్టే పెట్టకుండా స్విచ్ వేస్తే పేరున్నచోట నల్లటి పట్టీ దిగి, అక్కడే నిలిచిపోయేది.

ఎందుకలా జరిగేదో చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ లోగో బొమ్మ గేమ్‌బాయ్‌లోనే కాదు, ప్రతి క్యాసెట్టులోనూ ఉంటుంది, 48 బైట్లలో. స్విచ్ వేయగానే లోపలున్న చిన్న ప్రోగ్రాము క్యాసెట్టులోని లోగోని చదివి తెర మీద వేస్తుంది. తర్వాత తన దగ్గరున్న అసలు బొమ్మతో సరిపోల్చుకుంటుంది. ఒక్క చుక్క తేడా వచ్చినా గేమ్ మొదలవదు. నల్లపట్టీ ఎందుకంటే, క్యాసెట్టు లేనప్పుడు అది చదివేచోట అన్నీ నిండు చుక్కలే కనిపిస్తాయి.

ఇంత తతంగం దేనికి? అనుమతి లేకుండా గేములు చేసేవాళ్ళని పట్టుకోవడానికి. గేమ్ నడవాలంటే నింటెండో లోగో క్యాసెట్టులో పెట్టాల్సిందే. పెడితే ట్రేడ్‌మార్క్ దొంగతనం కింద కేసు వెయ్యొచ్చు. అంటే 1989లో ఆ పచ్చ తెర మీద దిగిన లోగో ముందుగా మాట్లాడింది ఆడే పిల్లాడితో కాదు, పోటీ కంపెనీ లాయరుతో. అది తాళం. మేం దాన్ని పాటలాగా విని సంబరపడ్డాం, అది వేరే విషయం.

సెగా కూడా ఇలాగే చేసింది. తన కన్సోల్‌లో 'సెగా' అనే నాలుగక్షరాలు క్యాసెట్టులో దొరికితేనే గేమ్ నడిచేలా, నడిచేముందు సెగా అనుమతితో తయారైందన్న వాక్యం తెర మీద కనిపించేలా పెట్టింది. అకోలేడ్ అనే కంపెనీ ఆ కిటుకు కనిపెట్టి తన గేములు నడిపించుకుంది. సెగా కేసు వేసింది. 1992లో అమెరికా అప్పీలు కోర్టు అకోలేడ్ వైపు నిలబడింది. చూసేవాళ్ళు తికమకపడితే ఆ తప్పు ఆ ఏర్పాటు చేసుకున్న సెగాదేనంది. పేరు, లోగో చుట్టూ ఇంత పెద్ద గొడవ జరిగితే అందులో టీనేజ్ కుర్రాళ్ళ ఊసే లేదు.

లోగో తయారుచేసినవాళ్ళ గురించి చెప్పడం కూడా కద్దు. 1982లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ మొదలైనప్పుడు దాని గుర్తు ఒక చదరం, ఒక వృత్తం, ఒక త్రిభుజం. చాలామంది వాటిని అక్షరాలనుకున్నారు. అవి బొమ్మలు గీసేవాడి ఓనమాలు. గేములు తయారుచేసేవాళ్ళు కళాకారులని చెప్పుకోవాలని ఆ కంపెనీ తపన. పాట క్యాసెట్ల మీద గాయకుడి పేరు వేసినట్టు ప్రోగ్రామర్ల పేర్లు వేశారు. ఆ గుర్తులో ఉన్నది ఆ తపన. ఆ మూడు ఆకారాల కిందే కత్తి యుద్ధాల కథలూ వచ్చాయి, 1993లో ఫీఫా ఫుట్‌బాలూ వచ్చింది.

ఆడేవాళ్ళని చూసి మార్చేది వేరే చోట

ఆ వీడియోలో ఒక నిజం మాత్రం ఉంది, అది తప్పు చోట కూర్చుంది. కంపెనీలు ఆడేవాళ్ళని చూసి బొమ్మలు మారుస్తాయి, చాలా జాగ్రత్తగా మారుస్తాయి. కానీ స్టూడియో లోగోలో కాదు. గేమ్ అట్ట మీద, ఫోన్‌లో అయితే గేమ్ ఐకాన్ మీద.

నింటెండో వాళ్ళ కిర్బీ అనే గులాబీ రంగు బంతిలాంటి పాత్ర ఉంది. జపాన్‌లో అట్టల మీద కిర్బీ నవ్వుతూ ఉంటాడు. అవే గేములు అమెరికాకి వెళ్ళినప్పుడు చాలాసార్లు కిర్బీ కనుబొమలు ముడిపడ్డాయి, కోపంగా చూస్తాడు. అమెరికా మగపిల్లలకి ముద్దుగా కంటే గట్టిగా కనిపించాలని వాళ్ళ లెక్క. రెండు అట్టలూ పక్కపక్కన పెట్టి చూడండి. కనుబొమల రెండు గీతలు మారాయి. మూలనున్న నింటెండో లోగో ఉన్నచోట అలాగే ఉంది. మార్కెట్ చూసి మార్చినవాళ్ళు ముట్టుకున్నది దేన్నో, ముట్టుకోనిది దేన్నో అక్కడే తెలుస్తుంది.

తెనాలి కుర్రాళ్ళకి నేను చూపించింది మాత్రం మొబైల్ గేములు చేసే సూపర్‌సెల్ అనే కంపెనీని. వాళ్ళ లోగో నల్లగా, లావుగా, ఏ అలంకారమూ లేని అక్షరాలు. 2012లో ఆ నల్ల అక్షరాల కిందే హే డే వచ్చింది, ఆవులు, కోళ్ళు, గోధుమ చేను. క్లాష్ ఆఫ్ క్లాన్స్ కూడా ఆ ఏడాదే వచ్చింది, కొట్లాటలు, కోటలు. క్లాష్ ఐకాన్ చూస్తే పసుపు మీసాలవాడు నోరు తెరిచి అరుస్తుంటాడు. ఆడేవాణ్ణి పిలిచేది ఆ అరుపు. ప్లే స్టోర్‌లో గేమ్ పేరు కింద స్టూడియో పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది, లోగో కనిపించేది గేమ్ దించుకుని తెరిచాకే. అప్పటికి వాడు గేమ్‌ని ఎంచుకోవడం అయిపోయింది.

"అయితే లోగో ఏ రంగైనా పర్లేదా అన్నా?" అన్నాడు రెండోవాడు. పర్లేదు అనలేదు నేను. చిన్న సైజులో కూడా తెలిసేలా ఉండాలి, నలుపు తెలుపులో ప్రింటు తీసినా గుర్తుపట్టాలి, రేపు గోళీలు వదిలేసి దెయ్యాల గేమ్ చేసినా ఇబ్బంది పెట్టకూడదు అన్నాను. ఆ మూడోది విని ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. రెండో గేమ్ దెయ్యాలదేనట, సగం రాసేశారట. ఈ వీడియో నమ్మి వాళ్ళు అప్పటికే వేరేచోట రెండు ఎర్ర లోగోలు వేయించుకున్నారు. రాత్రుళ్ళు నిద్ర మానుకుని దాచుకున్న డబ్బులవి. నాకు బాధనిపించింది అక్కడే.

తల్లిదండ్రులు లోగో చూస్తే సరిపోతుందా?

ఈ ఖండన రాయడానికి అసలు కారణం ఇదే. నెల్లూరు నుంచి మా అక్క ఫోన్ చేసింది. మేనల్లుడికి తొమ్మిదేళ్ళు. రెండు రోజులుగా రాత్రి లేచి కూర్చుంటున్నాడట, లైటు ఆపనివ్వట్లేదట. ఏదైనా సినిమా చూశాడా అంటే లేదంది. పక్కింటి అబ్బాయి దగ్గర ప్లేస్టేషన్ డిస్కు తెచ్చుకుని ఆడుతున్నాడంది.

"ఏం గేమ్ అక్కా?"

"పేరు తెలియదురా. మొదలయ్యేటప్పుడు కుక్కపిల్ల పాదం గుర్తు వచ్చింది. నువ్వు వీడియో చూడలేదా, పాదం ఉంటే అందరూ ఆడొచ్చని? అందుకే సరే అన్నాను."

అక్క అజాగ్రత్త మనిషి కాదు. వాడు తినే చిప్స్ పాకెట్టు వెనక రాసింది కూడా చదువుతుంది. ఆమెకి ఎవరో ఒక సులువు చెప్పారు, అది నమ్మింది. పాదం గుర్తు కింద బాండికూట్ ఉందో, గొంతు నులమడం ఉందో లోగో చెప్పదు. ఆ పని కోసం వేరే గుర్తులే ఉన్నాయి. అమెరికాలో 1993లో పార్లమెంటు దాకా గొడవ వెళ్ళాక, 1994లో వయసు రేటింగ్ ఇచ్చే బోర్డు పెట్టారు. యూరప్‌లో 2003 నుంచి పెగి రేటింగ్ ఉంది. ఫోన్‌లో అయితే ప్లే స్టోర్‌లో గేమ్ పేజీ మీదే ఏ వయసు దాటినవాళ్ళకో అంకె ఉంటుంది. అంకె పక్కన కారణం కూడా రాస్తారు, హింసో, భయమో, భాషో.

"అక్కా, ఆ డిస్కు డబ్బా ఇంట్లో ఉందా? ముందువైపు కింద మూలన చిన్న చదరంలో అంకె ఉంటుంది, ఫోటో తీసి పంపు" అన్నాను.

రెండు నిమిషాల్లో ఫోటో వచ్చింది. పెగి వాళ్ళు మూడేళ్ళు, ఏడేళ్ళ పిల్లల గేములకి ఆకుపచ్చ వాడతారు. దీనిమీద ఉన్నది ఎరుపు. ఆ ఎరుపు మీద తెల్లగా 18.